మైనర్ లీగ్ బేస్‌బాల్‌లోనే ఉండాలా, కాలేజ్ ఫుట్‌బాల్‌కి తిరిగి రావాలా?

అమెరికాలో హైస్కూల్ అవ్వగానే బేస్‌బాల్ కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టి, కింది స్థాయి పోటీలైన మైనర్ లీగ్‌లోనే ఉండిపోయి, ఐదారేళ్లయినా పై స్థాయి మేజర్ లీగ్ గడప తొక్కని కుర్రాళ్ల సందేహమిది. (ఈ ఫుట్‌బాల్ కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడేది, మన సాకర్ కాదు.)

డబ్బు: మైనర్ లీగ్‌లో జీతం అంతంతమాత్రమే. కాలేజీకి వెళ్తే డిగ్రీ మిగులుతుంది. కొన్ని కాంట్రాక్టుల్లో చదువు ఖర్చు క్లబ్బే భరించే షరతు ఉంటుంది, పాత కాగితాలు తీసి చూసుకోవాలి.

రూల్: ఒక ఆటలో ప్రొఫెషనల్ అయినా, మరో ఆట కాలేజీ తరఫున ఆడొచ్చు.

రిస్క్: బేస్‌బాల్ పిచ్చర్‌కి (బంతి విసిరేవాడికి) భుజం పోతుంది. ఫుట్‌బాల్‌లో ఏదైనా పోవచ్చు. బ్లూ జేస్ అనే మేజర్ లీగ్ క్లబ్ కింది జట్లలో ఆరేళ్లు ఆడి, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ కోసం చేరిన క్రిస్ వైంకీకి 1998లో మెడకే దెబ్బ తగిలింది.

వయసు: అసలు చిక్కు ఇక్కడే. వైంకీ 2000లో 28 ఏళ్లకు హైస్‌మన్ ట్రోఫీ (కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు) గెలిచాడు, అయినా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్ దాకా ఆగాల్సి వచ్చింది. బేస్‌బాల్ క్లబ్ యాంకీస్ ఎంచుకున్న పిచ్చర్ బ్రాండన్ వీడెన్ ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ మీదుగా 2012లో మొదటి రౌండ్‌లోనే, 28 ఏళ్లకు, క్లీవ్‌లాండ్ ఎన్ఎఫ్ఎల్ జట్టులో చేరాడు. రెండు సీజన్లకే వాళ్లు వదిలేశారు.

భుజం బాగుండి ట్రిపుల్-ఏలో (మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద) ఉంటే ఇంకో ఏడాది ఆగొచ్చు. కింది మెట్టు దగ్గరే ఆగిపోయి, హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్‌గా (జట్టు దాడిని నడిపిస్తూ బంతి విసిరేవాడిగా) ఆడి ఉంటే కాలేజీయే నయం. రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) అయితే మాత్రం పాతికేళ్లకు మొదలుపెట్టమని నేను చెప్పను.