మేకుల మధ్య ఆరంగుళాల కాయిల్: కాన్సాస్ పాడుబడ్డ ఇళ్ల దగ్గర కొన్నేళ్లు వాడాక

మెటల్ డిటెక్టర్ ఉందని తెలిస్తే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "లంకెబిందెలు దొరికాయా?" అనే. మా అమ్మ అయితే ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుతుంది. లేదమ్మా, దొరికేవి మేకులు. మేకులు, తుప్పు పట్టిన రేకుముక్కలు, గుర్రపు నాడాలు, మళ్లీ మేకులు. ఆ మేకుల వల్లే ఇది రాస్తున్నాను, ఎందుకంటే వాటి మధ్య పనికొచ్చిన వస్తువు నాకు ఒకటే కనిపించింది, అది అసలు మెషీన్ కాదు, దానికి విడిగా కొనుక్కునే ఆరంగుళాల చిన్న కాయిల్ (కర్ర చివర ఉండి, నేల మీద అటూ ఇటూ ఊపే పళ్లెం లాంటి భాగం).

మెషీన్ మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800. 2018లో వచ్చింది, బరువెంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, నీళ్లలో ఎంత లోతుకి దించొచ్చు అనేవన్నీ వందమంది రాసేశారు, వీడియోలు చేసేశారు, నేను వాటి జోలికి పోను. దాంతోపాటు పెట్టెలో వచ్చే కాయిల్ పదకొండు అంగుళాలది. ఎక్కువమంది దాంతోనే ఏళ్ల తరబడి తిరుగుతారు, నేనూ అంతే.

నేను తిరిగేది అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, ఫ్లింట్ హిల్స్ అనే పచ్చికబయళ్ల వైపు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల ప్రభుత్వ భూమి తీసుకుని, ఐదేళ్లు అక్కడే ఉండి సాగుచేసి పట్టా తెచ్చుకున్నవాళ్ల ఇళ్లు ఈ రాష్ట్రంలో చాలా ఉండేవి. కరువులొచ్చాయి, ధరలు పడిపోయాయి, పిల్లలు ఊళ్లకి పోయారు. ఇంటి చెక్కలు ఎవరో పీక్కుపోతారు లేదా ఇల్లు తగలబడిపోతుంది, మిగిలేది సున్నపురాయి పునాది. కొన్నిచోట్ల అదీ ఉండదు. పచ్చికబయలు మధ్యలో ఎవరూ నాటనక్కర్లేని చోట ఒక లైలాక్ పూలపొదో, వరసగా ఐరిస్ పూలమొక్కలో కనిపిస్తే అక్కడ ఒకప్పుడు వాకిలి ఉందని అర్థం. నేనైతే ముందు 1887 నాటి ఎవర్ట్స్ కాన్సాస్ అట్లాస్ చూస్తాను, తర్వాత ప్రభుత్వ భూరికార్డుల సైట్‌లో ఆ భూమికి పట్టా ఎవరి పేరున ఏ ఏడాది వచ్చిందో చూస్తాను, ఆ పైన నేల ఎత్తుపల్లాలు చూపే పాత టోపో మ్యాపులు. నిజం చెప్పాలంటే ఈ వెతుకులాటలో సగం సరదా ఇంట్లో కుర్చీలో కూర్చునే తీరిపోతుంది, మా ఆవిడకి నచ్చే సగం అదే.

ఇక మేకులు. చెక్క ఇల్లు కూలినా కాలినా దాని మేకులన్నీ అక్కడే నేలలోకి దిగిపోతాయి, పైకప్పు పెంకు చెక్కలకి కొట్టినవే వేలల్లో ఉంటాయి. నలుచదరంగా ఉండే పాతరకం మేకులు వస్తే సంతోషమే, ఎందుకంటే 1890ల తర్వాత గుండ్రటి తీగ మేకులు వాటిని తోసేశాయి కాబట్టి ఇల్లు అంతకు ముందుదని ఓ అంచనాకి రావచ్చు. కానీ డిటెక్టర్‌కి ఏ మేకైనా మేకే. పెళ్లిపందిట్లో బ్యాండు మోగుతుంటే పక్కవాడు చెవిలో చెప్పిన మాట వినపడనట్టు, పెద్ద కాయిల్ కింద ఒకేసారి నాలుగైదు మేకులు ఉంటే వాటి మధ్య పడి ఉన్న నాణెం గొంతు బయటికి రాదు. ఇనుము దాన్ని కప్పేస్తుంది. లోహాన్ని బట్టి స్క్రీన్ మీద ఒక నంబర్ వస్తుంది, మైనస్ అంటే ఇనుము; ఇక్కడ మైనస్ నంబర్లే కనిపిస్తాయి.

చిన్న కాయిల్ నేను దీనికోసం కొనలేదు. మా అబ్బాయి వెంట వస్తానని గొడవ చేస్తే, వాడు ఊపగలిగేంత తేలిగ్గా ఉంటుందని కొన్నాను. వాడు ఒక సీజన్ వచ్చాడు, పేలపురుగుల్లాంటి టిక్‌లు సాక్సుల్లోకి పాకాయి, అంతటితో వాడి ఉత్సాహం అయిపోయింది. కాయిల్ గ్యారేజీలో పడింది.

ఇంతకీ అసలు సంగతి ఒక ముసలి రైతుగారి పచ్చికలో జరిగింది. ఆయన తల్లి తరఫువాళ్ల ఇల్లట అది, ఆయన పుట్టేటప్పటికే ఖాళీ. అనుమతి అడగడానికి వెళ్తే, "మంచివి దొరికితే నాకు చూపించు, మేకులు మాత్రం అన్నీ నువ్వే పట్టుకుపో" అన్నాడు. అక్కడ పెద్ద కాయిల్‌తో చాలాసార్లు తిరిగాను. పెరట్లో బాగానే వచ్చాయి: ఓవరాల్స్ గుండీలు, గుర్రపు జీను బకిళ్లు, యూఎంసీ అని ముద్ర ఉన్న తుపాకీ తూటాల ఇత్తడి అడుగులు, ఊరగాయ సీసాల జింక్ మూతలు (ఇవి వెండి డాలర్లా మోగి గుండె ఝల్లుమనిపిస్తాయి, దుర్మార్గపు మూతలు), గోధుమ కంకుల బొమ్మ ఉన్న పాత పెన్నీలు (ఒక సెంటు నాణేలు). కానీ ఇంటి పునాది దగ్గరికి, ముఖ్యంగా గుమ్మం ముందున్న మెట్టురాయి దగ్గరికి వచ్చేసరికి ఒకటే బొంగురు మోత. నాతో వచ్చే మా ఆఫీసు మిత్రుడు "ఇక్కడ ఇంకేం లేదు బ్రదర్, పద" అనేవాడు. నేనూ సరేనని కదిలేవాణ్ణి.

అక్కడ వసంతంలో పచ్చికబయళ్లు తగలబెడతారు, కొత్త గడ్డి మొలవడానికి. మార్చి, ఏప్రిల్‌లో కాల్చిన వెంటనే వెళ్తే నేలంతా నల్లగా, చదునుగా ఉంటుంది, మోకాలెత్తు గడ్డిలో కాయిల్ ఈదించాల్సిన బాధ ఉండదు. ఆ ఏడు కాల్చాక వెళ్లినప్పుడు, పునాది రాళ్ల మధ్య సందుల్లోకి పెద్ద కాయిల్ దూరట్లేదని చిన్నది బిగించుకుపోయాను. అంతే కారణం. పార్క్ 2 మోడ్, రికవరీ స్పీడ్ 7 (ఒక వస్తువు నుంచి పక్క వస్తువుకి ఎంత త్వరగా తేరుకుంటుందో చెప్పేది), ఐరన్ బయాస్ 0 (అనుమానపు సిగ్నల్‌ని ఇనుముగా లెక్కవేసే మొగ్గు), ఇనుము కూడా వినపడేట్టు గుర్రపునాడా బటన్ నొక్కాను. మెట్టురాయి ముందు ఊపితే ఇదివరకు ఒకే మోతలా వినిపించింది ఇప్పుడు విడివిడి మోతలుగా విడిపోయింది, ఇక్కడొక మేకు, ఇక్కడొక మేకు, వాటి మధ్య అంగుళం ఖాళీ. ఆ ఖాళీలో ఒక చిన్న కూత. ఒక పక్కనుంచి ఊపితేనే వస్తోంది, అడ్డంగా తిరిగి ఊపితే పోతోంది. నంబర్ 13, తర్వాత మైనస్ 4, మళ్లీ 12, 13. ఒకవైపే పలికే సిగ్నల్ తొంభై శాతం వంగిన మేకే అంటారు అనుభవజ్ఞులు, వాళ్లు అనేది తప్పేం కాదు. అయితే ఈ కూత అంచులు నున్నగా ఉన్నాయి, ఎలా చెప్పాలో తెలియదు, వింటే తెలుస్తుంది.

తవ్వాను. ముందు ఒక నలుచదరపు మేకు. తీసి ఊపితే సిగ్నల్ కొంచెం పెరిగింది. ఇంకో మేకు, దాని కింద తలుపు బందు ముక్క. అవి తీసేసరికి 13 స్థిరంగా నిలబడింది, ఏ వైపు నుంచి ఊపినా. సుమారు ఐదంగుళాల లోతులో ఎర్రమట్టి రంగు తేలిన బిళ్ల. నీళ్లు పోసి చూస్తే ఒకవైపు పెద్ద రోమన్ అంకె V. 1883 నికెల్, "సెంట్స్" అనే మాట లేనిది.

దీని కథ తెలిసినవాళ్లకి తెలుసు. ఆ ఏడాది మొదట్లో కొట్టిన ఐదు సెంట్ల నాణెం మీద V అని వేశారు గానీ ఐదు ఏమిటో రాయలేదు. సైజు దాదాపు ఐదు డాలర్ల బంగారు నాణెమంతే. ఇంకేముంది, కొందరు బంగారు పూత పూయించి ఐదు డాలర్లుగా చెలామణి చేశారు. టంకశాలవాళ్లు అదే ఏడాది కింద "సెంట్స్" అని చేర్చారు. నాకు దొరికినదానికి ఏ పూతా లేదు, ఎక్కువ ధరా రాదు. మార్చేస్తున్నారని తెలిసి జనం అప్పట్లో మొదటి రకాన్నే దాచుకున్నారు కాబట్టి అది ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతుంది, పైగా మట్టిలో ఉన్న నికెల్ ముఖం చెడిపోతుంది. డబ్బు లెక్క వేసుకునేవాళ్లకి ఈ వ్యాపకం పెట్రోలు ఖర్చు కూడా రాబట్టదు.

నాకు మతిపోయింది నాణెం వల్ల కాదు, ఆ తర్వాత. అదే మెట్టురాయి చుట్టూ, మన ఇళ్లలో వరండా అంత జాగాలో, ఆ సాయంత్రంలోగా ఒక ఇండియన్ హెడ్ పెన్నీ (తేదీ అరిగిపోయింది), కుట్టుపని చేసేటప్పుడు వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు, మౌతార్గాన్ లోపలి ఇత్తడి పలక, కిరసనాయిలు దీపం వత్తి పైకీ కిందకీ తిప్పే చిన్న చక్రం వచ్చాయి. అన్నీ నేను పెద్ద కాయిల్‌తో ఇంతకుముందు దాటిపోయినవే. రైతుగారికి చూపిస్తే నాణెం వైపు చూడనే లేదు. దీపం చక్రం తీసి చొక్కా జేబులో వేసుకుని, "మిగతావి నీవే" అన్నాడు.

సరే, ఇప్పుడు సర్దుకుని చెప్పాల్సినవి. కొన్న కొత్తలో ఈ మెషీన్ స్క్రీన్ నంబర్ల గురించి గొప్పగా రాశాను, 12, 13 వస్తే నికెల్, ఇరవయ్యారు ఇరవయ్యేడు వస్తే వెండి డైమ్ (పది సెంట్ల నాణెం), కళ్లు మూసుకుని తవ్వొచ్చు అని. పొలాల్లో, పార్కుల్లో అది ఇప్పటికీ బాగానే నడుస్తుంది. మేకుల్లో మాత్రం నంబర్ చూడటం దాదాపు మానేశాను, చెవి మీదే ఆధారం. పైగా ఐరన్ బయాస్ సున్నాకి దింపితే తుప్పు పట్టిన వాషర్లు, స్టవ్ ముక్కలు, గొడ్డలి తలలు కూడా తీయగా పాడతాయి. పాట విని తవ్వితే చేతికొచ్చేది కిలో ఇనుము.

లోతు తగ్గుతుంది, అది కాయిల్ సైజుకి సహజం. ఎంత జాగా తిరగగలం అన్నది ఇంకా పెద్ద తేడా. పెద్ద కాయిల్‌తో ఒక పెరడంతా తిరిగే సమయంలో దీంతో రెండు గదుల పునాది అవ్వదు. పైగా మెల్లగా, చాలా మెల్లగా ఊపాలి. ఆ టిక్కుటిక్కు మోతలు గంటకుపైగా హెడ్‌ఫోన్‌లో వింటే తల పట్టేస్తుంది, నాకైతే నడుము కూడా. కాయిల్ మార్చడం ఒక బోల్టు పనే అయినా చేతులు మట్టిలో ఉన్నప్పుడు చిరాకు, కాయిల్ తగిలించే కింది కర్ర ఇంకొకటి కొనుక్కుని దానికి చిన్న కాయిల్ శాశ్వతంగా బిగించి ఉంచుకుంటే టెన్షన్ లేదు.

పిన్‌పాయింటర్ (గుంటలో పెట్టి వెతికే, చేతిలో పట్టే చిన్న డిటెక్టర్) లేకుండా మాత్రం ఇంత చిన్న కాయిల్ ఉండి కూడా లాభం లేదు, గుంటలో మేకేదో బిళ్లేదో చేతికి అదే చెప్పాలి. నా మొదటిది చవకది, పేరు అనవసరం. తడి మట్టి తగిలితే చాలు ఏమీ లేకపోయినా అరిచేది. అమ్మినవాళ్లకి మెయిల్ పెడితే వీడియో పంపమన్నారు, పంపితే ఇంకో వీడియో అడిగారు, మూడో మెయిల్ నుంచి మౌనం. రెండోది కొంచెం డబ్బు పెట్టి కొన్నాను, దానితో ఏ గొడవా లేదు.

అనుమతి గురించి రెండు మాటలు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటున్నారు. ఎవరూ లేని ఇల్లంటే ఎవరిదీ కాని ఇల్లని కాదు, ఇక్కడ ప్రతి ఎకరానికీ యజమాని ఉన్నాడు, కాగితం మీద సంతకం తీసుకోండి. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) భూముల్లోకి మెషీన్ అసలు దించొద్దు. నెబ్రాస్కాలో బియాట్రిస్ దగ్గర ఈ హోమ్‌స్టెడ్‌ల కోసమే ఒక జాతీయ పార్కు ఉంది, చూడటానికి వెళ్లండి, మెషీన్ ఇంట్లో పెట్టి వెళ్లండి. అలాంటి భూముల్లో ఉన్న, వందేళ్లు దాటిన వస్తువుల మీద 1979 చట్టం ఒకటుంది, జరిమానాతో పోయే వ్యవహారం కాదు. ఇక పాత ఇళ్ల దగ్గర కుళ్లిన చెక్కలు కప్పిన బావులు ఉంటాయి, అడుగు వేసేముందు కర్రతో పొడిచి చూసుకోండి.

మెషీన్ ఇండియాకి తీసుకురమ్మని మా బావమరిది ఒకసారి పట్టుబట్టాడు, "ఒక్కసారి పట్రా బావా, మా చేని గట్టున పాత కోటగోడ ఉంది" అని. తేనన్నాను. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది, పది రూపాయలకి మించిన విలువ ఉన్నది భూమిలో దొరికితే కలెక్టరుకి చెప్పాలి. గుప్తనిధుల పేరుతో గుళ్లు తవ్వేవాళ్ల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం, ఆ లిస్టులో పేరు చేరడానికి నేను సిద్ధంగా లేను. వాడు అలిగాడు, పండక్కి మాట్లాడాడు.

కొనాలా వద్దా అంటే, మీరు తిరిగేది ఎక్కువగా దున్నిన పొలాలు, లేక్ బీచ్‌లు అయితే వద్దు, డబ్బు దండగ, పెద్ద కాయిలే చాలు. నా సంగతి వేరు. శనివారం పొద్దున అబ్బాయి క్లాసులు అయ్యాక నాకు దొరికేది మూడు నాలుగు గంటలు, అందులో డ్రైవింగ్ పోతుంది, నా చేతిలో ఉన్న అనుమతులు కూడా కొద్దిపాటి ఇళ్లకే, అవి కూడా ఇదివరకు తిరిగినవే. అలాంటివాడికి మెల్లగా తిరగడం నష్టం కాదు. మీ దగ్గర ఇప్పటికే ఈ మెషీన్ ఉండి, మేకులు తప్ప ఏమీ లేవని వదిలేసిన పునాది ఒకటి ఉంటే, ముందు ఎవరి దగ్గరైనా కాయిల్ ఒక వారాంతానికి అడిగి తీసుకుని అక్కడ తిప్పి చూడండి. కొత్తగా మెషీన్ కొంటున్నవాళ్లు మాత్రం ముందు దానితో వచ్చిన పెద్ద కాయిల్‌కే చెవి అలవాటు చేసుకోండి, ఒక ఏడాది ఆగి ఆలోచించండి.