కాల్షియం కబురు: డ్రీమ్ దారి, కాల్మోడ్యులిన్ దారి

కణంలో కాల్షియం పెరిగిందన్న కబురు కేంద్రకంలోని జన్యువుల దాకా చేరే దారులు చాలానే ఉన్నాయి. వాటిలో డ్రీమ్, కాల్మోడ్యులిన్ అనే రెండు ప్రోటీన్ల దారులు ఒకదానికొకటి పూర్తిగా భిన్నం.

డ్రీమ్ ప్రోటీన్‌ది సూటి వ్యవహారం. 1999లో వెలుగులోకి వచ్చిన ఇది తానే డీఎన్ఏను పట్టుకుని, ప్రోడైనార్ఫిన్ (నొప్పిని అదుపుచేసే పదార్థాలకు మూలం) లాంటి జన్యువులను పనిచేయనివ్వదు. కాల్షియం అంటుకోగానే ఆకారం మారి పట్టు వదిలేస్తుంది. అంతే, మధ్యవర్తులు లేరు.

కాల్మోడ్యులిన్ పనంతా వేరేవాళ్ల చేత చేయిస్తుంది. నాలుగు కాల్షియం అయాన్లు చేరాక అది విచ్చుకుని కామ్‌కైనేజ్-4 ఎంజైమును పట్టుకుంటుంది. ఆ ఎంజైము పూర్తిగా మేల్కోవడానికి మరో కైనేజ్ (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము) సాయం కూడా కావాలి. మేల్కొన్నాక, డీఎన్ఏ మీద ఉండి జన్యువులను నడిపే క్రెబ్ ప్రోటీన్‌లో 133వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అప్పుడు సీబీపీ అనే సహాయక ప్రోటీన్ వచ్చి చేరి, జన్యువు పని ఊపందుకుంటుంది. కాల్సిన్యూరిన్ అనే ఎంజైము ద్వారా, జన్యువులను నడిపే మరో ప్రోటీన్ ఎన్‌ఫ్యాట్‌ను కేంద్రకంలోకి రప్పించేదీ కాల్మోడ్యులినే. విచిత్రమేమంటే, డీఎన్ఏను పట్టుకుని జన్యువులను నడిపే ఈ2ఏ లాంటి ప్రోటీన్ల విషయంలో మాత్రం తానే వాటికి అతుక్కుని, డీఎన్ఏను పట్టుకోనివ్వదు!

చిన్న సంకేతాన్ని పెంచి చూపాలంటే నా ఓటు కాల్మోడ్యులిన్‌కే. ఒక్క ఎంజైము ఎన్నో క్రెబ్ అణువులను మార్చగలదు, డ్రీమ్‌కు ఆ వీలు లేదు. అలాగని దాన్ని తీసిపారేయలేం: డ్రీమ్ క్రెబ్‌కు కూడా అతుక్కుని, సీబీపీ చేరకుండా అడ్డుపడగలదు.