గుంటూరు డాబా మీద ఆరేళ్లు, మూడు టెలిస్కోపులు

మొదట కొన్నది 70 మి.మీ. వెడల్పు లెన్సు టెలిస్కోపు, అదే రిఫ్రాక్టర్. తేలిక, ఒంటిచేత్తో పైకి పట్టుకెళ్లొచ్చు. చంద్రుడి మీద గుంటలు, గురుడి పక్కన నాలుగు చుక్కలు మొదటి రాత్రే కనిపించాయి. కాకపోతే గురుడి చుట్టూ వంకాయరంగు అంచు ఒకటి ఉంటుంది, చవక లెన్సు అన్ని రంగుల్నీ ఒకేచోటికి తేలేదు మరి. డబ్బా మీద 525 రెట్లు పెద్దగా చూపిస్తుందని వేశారు, 140 దాటితే అంతా మసకే. స్టాండు మరీ నాసిరకం. ఫోకస్ మర ముట్టుకుంటే శని గ్రహం చెరువులో నీడలా వణికేది.

తర్వాత 130 మి.మీ. అద్దం టెలిస్కోపు కొన్నాను, ఈక్వటోరియల్ మౌంటుతో, అంటే చుక్కల కదలిక వెంటే టెలిస్కోపుని తిప్పే స్టాండుతో. అక్కడే దెబ్బతిన్నాను. అద్దం బాగానే ఉంది. ఆ మౌంటు ఇరుసు మాత్రం ధ్రువ నక్షత్రం వైపు తిప్పి పెట్టాలి. మనకి ధ్రువుడు ఉత్తరాన 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అంటే చెయ్యి చాచి పట్టిన పిడికిలిన్నర. బ్రాడీపేటలో మా డాబా నుంచి ఆ ఎత్తున కనిపించేది పక్క అపార్టుమెంటు వాటర్ ట్యాంకు! పైగా ఇరుసు అంత కిందికి వంచితే గొట్టానికి సమతూకంగా ఉండే బరువుల కడ్డీ స్టాండు కాలికి తగిలేది. దిక్సూచితో తంటాలు పడేసరికి అరగంట, ఈలోపు మబ్బు. సగం ధరకి అమ్మేశాను.

ఇప్పుడున్నది ఆరంగుళాల డాబ్సోనియన్. ఇదీ అద్దమే, కానీ కింద చెక్క పీట, దాని మీద నాలుగడుగుల గొట్టం, చేత్తో తోసుకోవడమే. లిఫ్టులో చూసి వాచ్‌మన్ "గీజరా సార్?" అన్నాడు. 10 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న లెన్సు) పెడితే 120 రెట్లు. 2025 నవంబరులో శని వలయాలు సన్నటి గీతలా కనిపించాయి. గొల్లకావడి (ఓరియన్ నడుం మీది మూడు చుక్కలు) కిందున్న నెబ్యులా, అదే వాయువు, ధూళి మేఘం, డాబా మీంచి పొగ మరకలా ఉంటుంది. అదే సత్తెనపల్లి అవతల మా అమ్మమ్మగారి ఊళ్లో చూస్తే రెక్కలు విప్పుకుంటుంది. చాకిరీ లేకపోలేదు. కుదుపులకి అద్దాలు కదిలితే మళ్లీ సరిచేయాలి. ఏసీ గదిలోంచి ఉక్కలోకి తెస్తే ఐపీస్‌కి చెమట పడుతుంది, కాబట్టి నేను హాల్లోనే ఉంచుతాను. వానాకాలంలో బూజు పట్టకుండా మూత లోపల సిలికా జెల్ పొట్లాలు.

స్నేహితుడి 127 మి.మీ. మాక్సుటోవ్‌తోనూ, అంటే లెన్సూ అద్దమూ రెండూ ఉన్న టెలిస్కోపుతోనూ, చాలాసార్లు చూశాను. పొట్టిది, బ్యాగులో పడుతుంది, గ్రహాలు చక్కగా తేలతాయి. ధర ఎక్కువ, చూపు ఇరుకు.

లిఫ్టు ఉంటే డాబ్సోనియన్ కొనండి. మెట్లెక్కాలంటే మాక్సుటోవ్. పాత 70 మాత్రం అమ్మలేదు. పిల్లలకోడి, అదే కృత్తికల చుక్కల గుంపు, కోడిపిల్లలతో సహా చుట్టూ ఖాళీతో ఒక్క చూపులో పట్టేది ఇప్పటికీ దాంట్లోనే.