గ్రేట్ సర్కిల్ మ్యాపర్: దూరం నమ్మొచ్చు, టైమ్ మాత్రం సరిచూసుకోవాలి

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం చెప్పే సైట్లు బోలెడున్నాయి. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ చూడ్డానికి పాతకాలపు సైట్‌లా ఉంటుంది గానీ లెక్క మాత్రం గట్టిది. పెట్టెలో జేఎఫ్‌కే, చిన్న గీత, ఎల్‌హెచ్‌ఆర్ అని కొడితే న్యూయార్క్ కెనడీ నుంచి లండన్ హీత్రూ దాకా మ్యాప్ మీద వంపు గీత (భూగోళం మీద అతి దగ్గరి దారి, అదే గ్రేట్ సర్కిల్), కింద దూరం వచ్చేస్తాయి. దాదాపు 5,550 కిలోమీటర్లు. భూమిని నిఖార్సైన బంతి అనుకునే సైట్లలో ఇదే 5,540 దగ్గర ఉంటుంది. ధ్రువాల దగ్గర భూమి కాస్త నొక్కుకుపోయి ఉంటుందన్న సంగతి ఈ సైటు లెక్కలో పెట్టుకుంటుంది, తేడా అందుకే.

అసలు తప్పు జరిగేది యూనిట్ దగ్గర. నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు 1.609. ఈ దూరం సుమారు 3,000 నాటికల్ మైళ్లు. దాన్ని మామూలు మైళ్లనుకుంటే 700 కిలోమీటర్ల పైనే మాయమవుతుంది, టైమ్‌లో 50 నిమిషాలు తగ్గిపోతుంది. సెట్టింగ్‌లో కిలోమీటర్లు ఎంచుకున్నాకే అంకె రాసుకోండి.

ఎయిర్‌పోర్టు మూడక్షరాల కోడ్ కూడా ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఎస్‌జేసీ కాలిఫోర్నియాలోని శాన్ హోసే, ఎస్‌జేఓ కోస్టారికాలోది.

ఇక టైమ్. వేగం ఇస్తే ఈ సైటు టైమ్ కూడా లెక్క కట్టి ఇస్తుంది, కానీ అది గాలి లేని ఆకాశంలో తిన్నగా ఎగిరే విమానానిది. జెట్‌కైతే కిలోమీటర్లలోని దూరాన్ని 830తో (గంటకు కిలోమీటర్లు) భాగించి, విమానం పైకెక్కడం, కిందికి దిగడం, రన్‌వే దాకా నేల మీద కదలడం కోసం అరగంట కలపండి. పై రూటుకి 7 గంటల 10 నిమిషాలు వస్తుంది. నిజంగా తూర్పుకి ఏడు గంటల లోపే చేరొచ్చు, పడమటికి ఎనిమిది పడుతుంది. కారణం జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి జోరుగా వీచే గాలి. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి వెనక నుంచి తోస్తే ఒక విమానం ఇదే దారిని 4 గంటల 56 నిమిషాల్లో దాటేసింది!

మూసుకుపోయిన గగనతలం సంగతి ఈ గీతకు అస్సలు తెలియదు. హెల్సింకి నుంచి టోక్యో నరీతాకి దాదాపు 7,800 కిలోమీటర్లు, సూత్రం ప్రకారం పది గంటల లోపే. 2022లో రష్యా మీదుగా దారి మూతపడ్డాక 13 గంటలు పడుతోంది. అందుకే దూరం ఇక్కడ తీసుకుని, టైమ్ మాత్రం విమానాలను ట్రాక్ చేసే ఫ్లైట్‌రాడార్24 సైట్‌లోనో ఫ్లైట్‌అవేర్‌లోనో ఆ ఫ్లైట్ నంబర్ కొట్టి, గత నాలుగైదు రోజులు నిజంగా ఎంతసేపు ఎగిరిందో చూసుకోవాలి.

టికెట్ మీది టైమ్‌లను నేరుగా తీసివేయకండి, రెండూ స్థానిక సమయాలే. న్యూయార్క్‌లో రాత్రి 7కి బయల్దేరి లండన్‌లో ఉదయం 7కి దిగితే 12 గంటలు కాదు, 5 గంటల తేడా తీసేస్తే 7. మార్చిలో రెండు మూడు వారాలు ఆ తేడా 4 గంటలే, ఎందుకంటే అమెరికా గడియారాలు బ్రిటన్ కన్నా ముందే జరుగుతాయి.

మధ్యలో విమానం మారేవాళ్లు మూడు కోడ్‌లూ గీతలతో వరసగా కొట్టండి. ఒక్కో లెగ్ దూరం విడివిడిగా, మొత్తం కింద కనిపిస్తాయి.