పెళ్లి పందిట్లో ఏ లెన్సు మేలు: ఫిష్‌ఐనా, 10-18నా?

బరంపురం మండపాల్లో, పర్లాకిమిడి ఇళ్ల ముందు పందిళ్లలో వెనక్కి జరగబోతే గోడ తగులుతుంది. క్రాప్ బాడీకి, అంటే చిన్న సెన్సరున్న కెమెరాకి, 18-55 ఎంఎం లెన్సు అక్కడ చాలదు. కెనాన్ కెమెరా వాళ్లకు రెండు దారులు: గీతల్ని వంచి చాలా వెడల్పుగా చూపే సమ్‌యాంగ్ 8 ఎంఎం ఎఫ్/3.5 ఫిష్‌ఐ, లేదా కెనాన్ 10-18 ఎంఎం ఎస్‌టీఎం.

ఫిష్‌ఐ మూల నుంచి మూలకు సుమారు 167 డిగ్రీలు చూస్తుంది. 10-18కి 107 మాత్రమే. అంకెలు చూసి మురిసిపోకండి, అసలు తేడా వంపులో ఉంది. 10-18 పందిరి రాటల్ని నిటారుగానే చూపిస్తుంది గానీ, అంచున నిలబడ్డ మేనత్త తల కోడిగుడ్డులా సాగుతుంది. ఫిష్‌ఐలో తల తలలాగే ఉంటుంది, రాటలే విల్లులా వంగుతాయి. గ్రూప్ ఫొటోకి 10-18ని 14 దగ్గర పెట్టి, రెండు అంచుల్లో కాస్త ఖాళీ వదలండి.

ఫిష్‌ఐలో ఫ్రేము మధ్య నుంచి పోయే గీత వంగదు. గోపాల్‌పూర్‌లో సముద్రపు అంచు సరిగ్గా మధ్యలో ఉంటే తిన్నగా వస్తుంది. కెమెరా కిందికి వంచితే గుట్టలా ఉబ్బుతుంది, పైకెత్తితే గిన్నెలా కుంగుతుంది. మనిషి చేతికందేంత దగ్గరుంటేనే దీనికి పని. బరంపురం ఠాకురాణి యాత్రలో పులివేషం అలా మీదికొస్తే అదిరిపోతుంది. పది అడుగులు దూరమైతే చీమంత.

సమ్‌యాంగ్‌లో ఫోకసు, అపర్చరు (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) రెండూ చేత్తో తిప్పాల్సిందే. కెమెరాతో మాట్లాడే చిప్ లేని రకం పెడితే కెనాన్ బాడీ అపర్చరు 00 అని చూపిస్తుంది, కంగారొద్దు. ఎం (అన్నీ చేత్తో) లేదా ఏవీ (షట్టరు వేగం కెమెరాయే ఎంచుకునే) మోడ్‌లో తీయండి. ఫొటోలు మసకగా వస్తే ముందు లెన్సు మీది అనంతం (బాగా దూరపు ఫోకసు) గుర్తునే అనుమానించండి, అది తప్పుగా ఉండొచ్చు. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) దూరపు దీపాన్ని పది రెట్లు పెంచి ఫోకసు చేసి, ఆ చోట టేపు ముక్క అంటించండి. ఎఫ్/8లో అర మీటరు దాటాక అంతా స్పష్టమే. నికాన్ 3000, 5000 వరుసల వాళ్లు మాత్రం చిప్ ఉన్నదే కొనాలి, లేకపోతే వెలుగు కొలిచే మీటరు పనిచేయదు.

ముందు గాజు బుడగలా పొంగి ఉంటుంది కనుక ఫిష్‌ఐకి ఫిల్టరు ఎక్కదు. 10-18కి మామూలు 67 ఎంఎంది సరిపోతుంది. సముద్రం దగ్గర ఉప్పు తుంపర పడితే పొడిగుడ్డతో రుద్దకండి. బ్లోయరుతో ఇసుక ఊది, తర్వాతే తడి లెన్సు గుడ్డతో తుడవండి.

ముందు 10-18 కొనండి. ఆల్బంలో వంపు ఫొటోలు రెండు మూడుకి మించితే చూసేవాళ్లకి విసుగు, ఆ కాసిన్నింటికి ఫిష్‌ఐ అద్దెకు చాలు. లెన్సు ముందు స్క్రూతో బిగించే చవక వైడ్ కన్వర్టర్ల జోలికి మాత్రం పోవద్దు, అంచులన్నీ అలుక్కుపోతాయి. ఫిష్‌ఐ అద్దెకు తెచ్చిన రోజు మీ బూట్లు, నీడ ఫ్రేములో పడ్డాయేమో ప్రతి ఫొటోకీ చూసుకోండి.