సస్పెన్స్ నవల కొనేముందు చివరి పేజీ అడుగు చూడండి

సస్పెన్స్ నవలలు కొనేవాళ్లందరికీ ఒక హెచ్చరిక. ఈమధ్య పుస్తక ప్రదర్శనలో 250 రూపాయలు పెట్టి ఒక క్రైమ్ నవల కొన్నాను. ముందు అట్ట మీద గానీ, వెనక అట్ట మీది పరిచయంలో గానీ 'మొదటి భాగం' అన్న మాటే లేదు. కథ మాత్రం వదలకుండా చదివించింది. చనిపోయాడనుకున్న భర్త నంబరు నుంచి కథానాయికకు ఫోన్ వస్తుంది, ఎత్తుతుంది. అక్కడ పుస్తకం అయిపోయింది! కింద చిన్న అక్షరాల్లో 'సశేషం'. హంతకుడెవరో తెలియదు. ప్రచురణకర్తకు ఫోన్ చేస్తే రెండో భాగం ఇంకా రాస్తున్నారని, ఎప్పుడొస్తుందో చెప్పలేమని అన్నారు. డబ్బు వాపసు ఇవ్వమంటే కుదరదన్నారు.

ఉత్కంఠలో ఆపడం తప్పని నేననను. వారపత్రికల సీరియల్స్ చదివి పెరిగినవాళ్లం, సరిగ్గా టెన్షన్ పెరిగే చోటే కథ ఆగేది. కానీ తరువాయి భాగం వచ్చే వారం వస్తుందన్న భరోసా ఉండేది. చందమామ బేతాళ కథల్లోనైతే బేతాళుడి ప్రశ్నకు విక్రమార్కుడి జవాబు ఆ సంచికలోనే దొరికేది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో తెలియడానికి 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా ఆగాం. అయినా ఎవరికీ మోసపోయామనిపించలేదు, ఎందుకంటే సినిమా పేరులోనే 'బిగినింగ్' అని చెప్పారు.

రచయిత కావాలనే ముగింపును మన ఊహకు వదిలేసే కథలు వేరు. అవి నాకెంతో ఇష్టం. అక్కడ మనుషుల సంగతి మనకు పూర్తిగా అర్థమయ్యే ఉంటుంది, ఆ తర్వాత ఏమైందన్నది మనమే అనుకోవచ్చు. హత్య ఎవరు చేశారన్న ఒక్క ప్రశ్న మీదే నవలంతా నడిపి, ఆ జవాబును ఇంకో పుస్తకంలో అమ్ముకోవడం మాత్రం అన్యాయం.

కాబట్టి ఆఖరి పేజీ అడుగున 'సశేషం', 'ఇంకా ఉంది' లాంటివి ఉన్నాయేమో చూడండి. పై లైన్లు చదవకండి, సస్పెన్స్ పోతుంది. స్టాల్లో ఉన్నవాళ్లను "కథ ఇందులోనే పూర్తవుతుందా?" అని సూటిగా అడగండి. యాప్‌లలో కాయిన్లు కొని ఎపిసోడ్లు చదివేవాళ్లు ఇంకా జాగ్రత్త. కథ పూర్తయిందా, కొనసాగుతోందా అని చూడండి. చివరి ఎపిసోడ్ వచ్చి నెలలు గడిచి ఉంటే రూపాయి కూడా పెట్టకండి.

బిల్లు పారేయకండి. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచే ప్రకటనను 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనగా లెక్కిస్తుంది. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఇలాగే నష్టపోయినవాళ్లుంటే మీరూ చేయండి.