అన్‌సర్టెనిటీ లెక్కకు ఏది మేలు: ఎక్సెల్ షీటా, మాంటీ కార్లోనా?

కొలిచే పరికరాలు ఎంత సరిగ్గా చూపిస్తున్నాయో పరీక్షించే కాలిబ్రేషన్ ల్యాబులో కొలత తీయడం కంటే, దాని పక్కన ప్లస్ ఆర్ మైనస్ అని వేసే అంకె దగ్గరే (అదే అన్‌సర్టెనిటీ, అంటే అనిశ్చితి) టెన్షన్ ఎక్కువ. ఆ అంకెకు రెండు దారులున్నాయి. ఒకటి 1993లో వచ్చిన గమ్ (GUM) అనే అంతర్జాతీయ మార్గదర్శకం చెప్పే, ఎక్సెల్ షీటులో వేసే పద్ధతి: అనిశ్చితి తెచ్చే ఒక్కో కారణానికి ఒక విలువ వేసి, వర్గాలు కూడి, వర్గమూలం తీసి, సుమారు 95 శాతం నమ్మకం కోసం సాధారణంగా 2తో గుణిస్తారు. రెండోది 2008లో దానికి అనుబంధంగా వచ్చిన మాంటీ కార్లో. అదే కొలతను కంప్యూటర్‌తో లక్షల సార్లు ఉత్తుత్తిగా చేయించి, 95 శాతం ఫలితాలు ఎంత మేర పరుచుకున్నాయో చూస్తారు.

0.01 మి.మీ. (10 మైక్రాన్ల) మెట్లతో చదివే డిజిటల్ కాలిపర్‌తో 100 మి.మీ. స్లిప్ గేజ్‌ను (పొడవు కచ్చితంగా తెలిసిన స్టీలు దిమ్మెను) ఐదుసార్లు చూస్తే ఐదుసార్లూ 100.00 వచ్చిందనుకుందాం. రిపీటబిలిటీ (మళ్లీ మళ్లీ కొలిస్తే వచ్చే తేడా) సున్నా అని సంబరపడకండి. అసలు విలువ అటూ ఇటూ 5 మైక్రాన్లలో ఎక్కడైనా దాక్కోవచ్చు. ఎక్కడైనా ఉండే అవకాశం సమానమే కాబట్టి, 5ని 3 వర్గమూలంతో భాగిస్తే 2.9. కాలిపర్‌కీ గేజ్‌కీ మధ్య ఒక డిగ్రీ దాకా తేడా ఉండొచ్చనుకుంటే, స్టీలు వ్యాకోచం నుంచి మరో 0.7. గేజ్ సొంత వాటా లెక్కలోకి రానంత చిన్నది. అన్నీ కలిపి రెట్టింపు చేస్తే షీటులో 5.9 మైక్రాన్లు వస్తుంది.

మాంటీ కార్లో మాత్రం 5.1 అంటుంది. ఇక్కడ రిజల్యూషన్ (పరికరం చదవగల అతి చిన్న మెట్టు) ఒక్కటే మిగతావాటిని మింగేసింది. దాని విలువలు పరుచుకునే ఆకారం గుడి గంటలా కాక దీర్ఘచతురస్రంలా ఉంటుంది కాబట్టి 2తో గుణించడం కాస్త ఎక్కువే.

అయినా నా ఓటు షీటుకే. 10 మైక్రాన్ల మెట్లతో చదివే పరికరానికి 0.8 తేడా ఎవరికి కావాలి? పైగా అక్రెడిటేషన్ (అధికారిక గుర్తింపు) ఉన్న ల్యాబు తన స్కోపులోని సీఎంసీ (తను సాధించగలనని గుర్తింపు పొందిన అతి తక్కువ అనిశ్చితి) కంటే తక్కువ అంకె సర్టిఫికెట్‌పై వేయకూడదు. తనిఖీకి వచ్చిన అసెసర్ అడిగితే షీటులో ఏ వరుసనైనా వేలు పెట్టి చూపొచ్చు. ప్రోగ్రామ్ అయితే అది సరిగ్గా పనిచేస్తోందని ముందు రుజువు చేయాలి.

మాంటీ కార్లో తప్పనిసరయ్యే చోట్లూ ఉన్నాయి. మైక్రోవేవ్ పవర్ మీటర్ల కాలిబ్రేషన్‌లో ప్రతిఫలన విలువలు సున్నా దగ్గరుంటే, మామూలు సూత్రం అనిశ్చితి కూడా సున్నా అనేస్తుంది! 2008 అనుబంధమే ఈ ఉదాహరణను చూపింది.

కాలిపర్ దవడలు అరిగి రీడింగులు ఊగుతున్నా పోయినేడాది రిపీటబిలిటీనే కాపీ చేసే ల్యాబుకు ఈ రెండింటిలో ఏదీ అక్కరకు రాదు.